విరిగిన చిన్న ఎముకకు ఎన్ని ఎక్స్‌రేలు?

పిల్లవాడి చెయ్యి విరిగిన ఇంట్లో నెలా నెలన్నర పాటు అందరి నోటా ఒకటే మాట: "ఎముక అతుక్కుందా?" జవాబు ఎక్స్‌రేలోనే ఉంటుందని నమ్మకం. డాక్టరు రాయకపోతే తల్లిదండ్రులే అడుగుతారు, "ఓసారి ఫొటో తీసి చూడండి సార్" అని. ఆయన రాస్తే మళ్ళీ బెంగ, "ఇన్నిసార్లు తీయిస్తే పిల్లాడికి ఏమైనా అవుతుందేమో" అని. రెండు భయాలనూ తీసిపారేయలేం. అయితే పిల్లల ఎముకల వైద్యంలో ఇన్ని దశాబ్దాలుగా పోగైన అనుభవాన్నీ, ఈ మధ్య వచ్చిన పెద్ద పరిశోధనలనూ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: మనవాళ్ళు ఫొటో కోసం ఆత్రపడే సమయం వేరు, ఫొటో నిజంగా పనికొచ్చే సమయం వేరు. కట్టు విప్పే రోజున పట్టుబట్టి తీయిస్తాం. కట్టు వేసిన మొదటి వారంలోనూ, అంతా మానిపోయి పిల్లవాడు మళ్ళీ చెట్లెక్కుతున్న ఆర్నెల్ల తర్వాతా ఆసుపత్రి ముఖం చూడం. అసలు అవసరం ఆ రెండు సమయాల్లోనే ఎక్కువ.

ఎక్స్‌రేకు, పిల్లల ఎముకలకు అనుబంధం మొదటినుంచీ ఉంది. జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఆ కిరణాలను కనిపెట్టింది 1895 నవంబరు 8న. మూడు నెలలు తిరక్కుండానే, 1896 ఫిబ్రవరి 3న, అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఒక 14 ఏళ్ళ కుర్రాడి మణికట్టుకు ఫొటో తీశారు. గడ్డకట్టిన నది మీద స్కేటింగ్ చేస్తూ పడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నాడతను. ఆ దేశంలో వైద్యం కోసం తీసిన తొలి ఎక్స్‌రేల్లో అదొకటి. అప్పట్లో దాదాపు 20 నిమిషాలు చెయ్యి కదపకుండా ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. తీయడం ఇంత సులువయ్యాక, ఎందుకు తీస్తున్నామన్న ప్రశ్న వెనకబడిపోయింది.

పిల్లల ఎముక తీరే వేరు. దాన్ని చుట్టుకుని ఉండే పొర మందంగా, గట్టిగా ఉంటుంది. దెబ్బ తగిలితే ఎముక ఒకవైపు చిట్లి, రెండోవైపు పచ్చికొమ్మలా వంగి ఉండిపోవచ్చు. లేదా తెగకుండా ఒకచోట నొక్కుకుని ఉబ్బవచ్చు. ఈ రెండో రకాన్ని బకిల్ ఫ్రాక్చర్ అంటారు. పిల్లల మణికట్టు దగ్గర అతి మామూలుగా కనబడేది ఇదే. ఎముక కొసల దగ్గర మెత్తటి ఎదుగుదల పలక, డాక్టర్ల మాటలో గ్రోత్ ప్లేట్, ఉంటుంది. ఎక్స్‌రేలో అది నల్లటి గీతలా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు దాన్నే ఎముక విరిగిన గీత అనుకుంటారు. మోచేతిలో ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్కడి ఆరు ఎముక కేంద్రాలు ఒకేసారి కనబడవు. మొదటిది ఏడాది వయసులో, మిగతావి ఇంచుమించు రెండేళ్ళకొకటి చొప్పున పదకొండో ఏడు దాకా గట్టిపడుతూ ఫొటోలోకి వస్తాయి. ఆ వరుస తెలిసినవాళ్ళకే ఏది వయసును బట్టి వచ్చిన ముక్క, ఏది విరిగి జరిగిన ముక్క అన్నది అర్థమవుతుంది. అనుమానం తీరనప్పుడు కొందరు డాక్టర్లు బాగున్న చేతికీ ఒక ఫొటో తీసి పోల్చుకుంటారు. "దెబ్బ తగిలింది ఈ చేతికైతే ఆ చేతికెందుకు" అని గొడవపడనక్కర్లేదు.

ముందుగా రేడియేషన్ భయం సంగతి తేల్చుకుందాం. మణికట్టుకో మోచేతికో ఒక ఎక్స్‌రే తీస్తే ఒంటికి చేరేది దాదాపు 0.001 మిల్లీసీవర్ట్. మట్టి నుంచి, రాళ్ళ నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్ల రేడియేషన్ ఎలాగూ తగులుతూనే ఉంటుంది. అంటే చేతి ఎక్స్‌రే ఒకటి మూడు నాలుగు గంటల మామూలు బతుకుతో సమానం. చేతికి నాలుగైదు ఫొటోలు ఎక్కువ తీశారని తల్లి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కానీ ఇదే ధైర్యం ఒంట్లో అన్ని చోట్లకూ వర్తించదు. తుంటి, నడుము, వెన్ను ఫొటోల మోతాదు అంతకు ఎన్నో రెట్లు. సీటీ స్కాన్‌ది మరీ ఎక్కువ. అమెరికాలో వెన్ను వంకర ఉన్న ఆడపిల్లలకు ఎదిగే వయసంతా పదేపదే ఎక్స్‌రేలు తీసేవారు. అలాంటి 5,573 మంది వివరాలు పరిశీలించి 2000లో ఒక నివేదిక వచ్చింది. వాళ్ళకు ఒక్కొక్కరికి సగటున 25 దాకా ఫొటోలు తీశారు. రొమ్ము క్యాన్సర్ మరణాలు వాళ్ళలో మామూలు కంటే దాదాపు 70 శాతం ఎక్కువగా తేలాయి. అవి పాతకాలపు యంత్రాలు, ఇప్పటి మోతాదులు చాలా తక్కువ. అయినా ఆ పాఠం పోదు. ఎన్నిసార్లు తీశారన్న దానికంటే ఒంట్లో ఏ భాగానికి తీశారన్నది ముఖ్యం.

మొలకు సీసం గుడ్డ కప్పలేదని ఎక్స్‌రే గదిలో పోట్లాడేవాళ్ళకు ఒక మాట. ఆ అలవాటును మానేయవచ్చని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే చెప్పింది. గుడ్డ పక్కకు జరిగి చూడాల్సిన భాగాన్ని కప్పేస్తే మళ్ళీ తీయాలి. మోతాదును తనకు తానే సర్దుకునే యంత్రమైతే ఆ గుడ్డ అడ్డం వచ్చి మోతాదును ఇంకా పెంచుతుంది కూడా. మనం చూసుకోవాల్సింది వేరు. ఆ యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉందా, పిల్లవాణ్ణి పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరు? గర్భిణి మాత్రం పట్టుకోకూడదు. వదినైనా పిన్నైనా సరే, నెల తప్పిన అనుమానం ఉంటే బయటే ఆగాలి.

ఇక మొదటి పది రోజులు. విరిగిన ఎముకను సరిగ్గా కూర్చి కట్టు వేసిన రోజు ఫొటో చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కష్టం అప్పుడే మొదలవుతుంది. నాలుగైదు రోజుల్లో వాపు దిగుతుంది, కట్టు వదులవుతుంది, లోపల ఎముక మెల్లగా జరగడం మొదలుపెడుతుంది. మణికట్టు దగ్గర ఎముకలు పూర్తిగా తప్పుకుని ఉంటే, ముంజేతి ఎముకలు రెండూ విరిగి ఉంటే, మొదటి వారం చివర ఒకసారి, రెండో వారం చివర మరోసారి ఫొటో తీయాల్సిందే. ఆలస్యం చేస్తే వచ్చే నష్టం చిన్నది కాదు. పిల్లల్లో రెండు మూడు వారాలకే కొత్త ఎముక పట్టేస్తుంది. ఎదుగుదల పలక దగ్గర విరిగినదైతే వారం పది రోజులు దాటాక మళ్ళీ లాగి సరిచేయబోతే ఆ పలకే చెడుతుంది. కనుక వంకర వారంలో కనబడితే సరిదిద్దవచ్చు, నెలకు కనబడితే చాలాసార్లు వదిలేసి ఎదుగుదల మీద భారం వేయడమే దారి.

ఆ వారం ఫొటోలో మంచి డాక్టరు ఎముకను చూసినంత శ్రద్ధగా కట్టునూ చూస్తాడు. ముంజేతికి వేసిన కట్టు గుండ్రంగా ఉండకూడదు, కాస్త చదునుగా ఉండాలి. పక్కనుంచి తీసిన ఫొటోలో విరిగిన చోట కట్టు లోపలి వెడల్పును, ఎదురుగా తీసిన ఫొటోలోని వెడల్పుతో భాగిస్తే 0.8 దాటకూడదని ఒక కొలత ఉంది. దాటిందంటే కట్టు ఎముకను పట్టి ఉంచడం లేదని అర్థం. చర్మానికీ కట్టుకీ మధ్య నల్లటి ఖాళీ కనిపిస్తే అది వదులైన కట్టు. ఆ రోజే మార్చాలి.

మోచేతి దగ్గర విరిగిన పిల్లల విషయంలో నిర్లక్ష్యం అసలు పనికిరాదు. మోచేతికి కాస్త పైన విరగడం అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో ఎక్కువ. పక్కనుంచి తీసిన ఫొటోలో జబ్బ ఎముక ముందు అంచు వెంబడి ఒక గీత గీస్తే, అది కింద ఉండే గుండ్రటి ముక్క మధ్య నుంచి పోవాలి. ముందు నుంచి పోయిందంటే కింది ముక్క వెనక్కి ఒరిగిందన్నమాట. ఎముక విరిగిన గీత అసలు కనబడకపోయినా, కీలు వెనక నల్లటి కొవ్వు నీడ పైకి లేచి కనిపిస్తే లోపల నెత్తురు చేరినట్టే. ఎక్కడో విరిగిందనే అనుకుని చూడాలి. మోచేతి బయటి వైపు కొస విరగడం మరీ జాగ్రత్తపడాల్సిన రకం. మొదటి రోజు సన్నటి గీతగా ఉన్నది వారంలో జరిగిపోవచ్చు. జరిగినదాన్ని పట్టించుకోకపోతే అది అతకనే అతకదు, ఏళ్ళ తరబడి చెయ్యి వంకర పెరుగుతుంది. దీనికి మొదటి వారంలోనే, కొంచెం వాలుగా తీసిన ఫొటోతో సహా, మళ్ళీ చూడాలి.

మొదటి రోజే జరిగే మరో పొరపాటు ఉంది. ముంజేతిలో ఒక్క ఎముకే విరిగి వంగినట్టు కనిపిస్తే ఫొటోలో మోచెయ్యి కూడా పడిందా అని చూడాలి. పక్క ఎముక తల మోచేతి దగ్గర కీలు తప్పి ఉండవచ్చు. మిలాన్ సర్జన్ జొవాన్ని మోంటెజ్జా దీన్ని 1814లోనే వర్ణించాడు. రెండు శతాబ్దాలు దాటినా ఇంకా తప్పించుకుపోతూనే ఉంది. విరిగిన చోటికి పై కీలు, కింది కీలు రెండూ పడేలా ఫొటో తీయమన్న నియమం వచ్చింది ఇందుకే.

మధ్య వారాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడే మనం అనవసరంగా ఎక్కువ తీయిస్తున్నాం. బకిల్ ఫ్రాక్చర్‌నే తీసుకోండి. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 4 నుంచి 15 ఏళ్ళ వయసున్న 965 మంది పిల్లల మీద ఫోర్స్ అనే పరీక్ష జరిపి 2022లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. సగంమందికి గట్టి కట్టు లేదా పట్టీ వేశారు. మిగతావాళ్ళకు కావాలంటే వాడుకొమ్మని మామూలు గుడ్డ కట్టు ఇచ్చి ఇంటికి పంపేశారు. మూడు రోజులకు నొప్పిలోనూ, ఆ తర్వాత చేతి వాడకంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కట్టే అక్కర్లేని చోట దాన్ని విప్పాక ఎక్స్‌రే దేనికి? అమెరికా పిల్లల ఎముకల వైద్యుల సంఘం 2018లోనే, నొక్కితే నొప్పి లేని బకిల్ ఫ్రాక్చర్‌కు మళ్ళీ ఎక్స్‌రే తీయవద్దని తన సభ్యులకు చెప్పింది. చిన్నపిల్లల మెడ కింది ఎముక మామూలుగా విరిగితే కూడా ఇంతే. అది చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది. అతుకు దగ్గర బొడిపె లేచి కొన్ని నెలల్లో అణుగుతుంది. ఆ బొడిపె చూసి భయపడి ఫొటోలు తీయించుకునే ఇళ్ళు ఎన్నో.

అతుకు ఫొటోలో ఎలా కనబడుతుందో తెలిస్తే ఈ ఆత్రం సగం తగ్గుతుంది. మొదట ఏర్పడే మెత్తటి అతుకు ఎక్స్‌రేకు అందదు. రెండో వారం దాటాక ఎముక చుట్టూ మబ్బులాంటి తెల్లటి మసక వస్తుంది. ఆ తర్వాత అది చిక్కబడి రెండు కొసలనూ కలుపుతుంది. ఈలోగా లోపల నల్ల గీత అలాగే కనబడుతూ ఉండవచ్చు. ఎముక గట్టిపడ్డాక కూడా కొన్ని వారాలు ఆ గీత పోదు. ఫొటో చూసి "ఇంకా విరిగే ఉంది" అని తండ్రి హడలిపోతాడు. డాక్టరు బొటనవేలితో ఆ చోట నొక్కి, పిల్లవాడి ముఖం చూసి, నొప్పి లేదని తేల్చుకుని కట్టు విప్పేస్తాడు. చాలా సందర్భాల్లో ఆ బొటనవేలు చెప్పిందే నిజం. ముంజేయి మధ్యలో విరిగిన పిల్లల సంగతి మాత్రం వేరు. అక్కడ కొన్ని నెలల లోపు మళ్ళీ విరిగే ప్రమాదం నిజంగా ఉంది. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి, కనబడే నాలుగు అంచుల్లో కనీసం మూడింటి మీదుగా అతుకు దాటిందో లేదో చూశాకే ఆటలకు వదలాలి. ఎముక జరగకుండా ఆపరేషన్‌లో వైర్లు పెట్టిన మోచేతికి కూడా మూడు నాలుగు వారాలకు వైర్లు తీసే రోజున ఫొటో న్యాయమే.

నడక నేర్చే పిల్లలు కాలు మోపకుండా ఏడుస్తుంటే మొదటి ఎక్స్‌రే శుభ్రంగా రావచ్చు. మోకాలి కింది ఎముకలో సన్నటి మెలిక గీత పది రోజుల తర్వాతే బయటపడుతుంది. ఆ రెండో ఫొటోకు అర్థం ఉంది.

ఎక్స్‌రే లేకుండానే చూడవచ్చా అన్నది ఇప్పుడు నడుస్తున్న పెద్ద చర్చ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నాలుగు ఆసుపత్రుల్లో 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 270 మందిని రెండు జట్లు చేసి, మణికట్టు దెబ్బకు ఒక జట్టుకు ఎక్స్‌రే, మరో జట్టుకు ముందుగా అల్ట్రాసౌండ్ చేశారు. 2023లో ఫలితం వచ్చింది: నాలుగు వారాల తర్వాత చేతి పనితనంలో అల్ట్రాసౌండ్ ఏమీ తీసిపోలేదు. అక్కడ ఆ పరీక్ష చేసింది డాక్టర్లే కాదు, శిక్షణ పొందిన నర్సులు, ఫిజియోథెరపిస్టులు కూడా. మనకు దీన్ని ఎత్తుకొచ్చి పెట్టుకోవడం అంత తేలిక కాదు. గర్భంలో ఆడపిల్లల్ని చంపకుండా ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం కింద మన దేశంలో అల్ట్రాసౌండ్ యంత్రాలను రిజిస్టరు చేయించాలి, వాటిని ఎవరు వాడాలో, ఎక్కడికి తీసుకెళ్ళాలో కట్టుబాట్లున్నాయి. ఆ చట్టాన్ని సడలించమని నేను అనను. అది కాపాడుతున్న ప్రాణాలు వేరు. ఎముకల గదిలో వాడే యంత్రానికి చట్టం లోపలే ఏదైనా దారి వెతకమని మాత్రం అడగవచ్చు.

ఎం.ఆర్.ఐ.లో రేడియేషన్ లేదు కానీ చిన్నపిల్లలు అంతసేపు కదలకుండా పడుకోలేరు, మత్తు ఇవ్వాల్సి వస్తుంది. సీటీ స్కాన్ పదేళ్ళు దాటిన పిల్లల చీలమండలో కీలు లోపలికి పోయిన ముక్కలను లెక్కపెట్టి ఆపరేషన్‌కు సిద్ధం కావడానికి. అతుకు పడిందో లేదో చూడటానికి ఈ రెండూ అక్కర్లేదు.

మన ప్రాంతంలో ఈ చర్చ పుత్తూరు కట్టును తాకకుండా సాగదు. తిరుపతి దగ్గర పుత్తూరులో నూరేళ్ళకు పైగా ఒక కుటుంబం పేరు మీద నడుస్తున్న ఆ వైద్యానికి రాయలసీమ నుంచే కాదు, తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. చాలామంది చేతిలో ఎక్స్‌రే ఫిల్ముతోనే వస్తారు. పిల్లల్లో జరగని ఎముక ఎవరు కట్టినా అతుకుతుంది, చిన్న వంకర ఎదుగుదలలో సర్దుకుంటుంది. ఆ మేరకు ఆ పేరు ఊరికే రాలేదు. నా అభ్యంతరం ఒక్కటే: కట్టాక మళ్ళీ ఫొటో తీసి చూసుకునే అలవాటు లేకపోవడం. జరిగిన ముక్కను వేళ్ళతో తడిమి కనిపెట్టే నేర్పు ఎంత ఉన్నా, మోచేతిలో ఒరుగు అలా అందదు. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఏ ఫొటోలోనూ పడదు. కట్టు బిగిసి నెత్తురు ఆడకపోతే ముంజేతి కండరాలు కొన్ని గంటల్లో చచ్చిపోతాయి. అది ఆసుపత్రిలో వేసిన పిండికట్టుతోనూ జరగవచ్చు. వేళ్ళు నల్లబడటం, చల్లబడటం, తిమ్మిరెక్కడం, అన్నిటికంటే ముందు, వేళ్ళు చాపితే పిల్లవాడు తట్టుకోలేనంత నొప్పి. అవి కనబడితే ఎక్స్‌రే కోసం కాదు, ముందు కట్టు కోయించడం కోసం పరుగెత్తాలి.

ఇంకా నడవని పసిబిడ్డకు తొడ ఎముక విరిగి వచ్చిందంటే డాక్టరు ఒంటి ఎముకలన్నిటికీ ఫొటోలు అడగవచ్చు. ఇంట్లోవాళ్ళకు అది అవమానంగా తోస్తుంది. 1946లో న్యూయార్క్ రేడియాలజిస్టు జాన్ కాఫీ, తలలో నెత్తురు గడ్డకట్టిన పసివాళ్ళ చేతులూ కాళ్ళూ వేర్వేరు రోజుల్లో విరిగి ఉండటాన్ని గమనించి రాశాక, పిల్లల మీద జరిగే హింసను ఎక్స్‌రే సాక్ష్యంగా పట్టిస్తుందని ప్రపంచానికి తెలిసింది. మొదటిసారి కనబడని పక్కటెముకల పగుళ్ళు రెండు వారాలకు అతుకు మబ్బు వేసుకుని బయటపడతాయి. అందుకే ఆ ఫొటోలు మళ్ళీ తీస్తారు. అదే ఫొటోలు రికెట్స్‌నీ, పుట్టుకతో పెళుసైన ఎముకలనూ చూపించి నిర్దోషులైన తల్లిదండ్రులను కాపాడతాయి కూడా. ఈ సోదాకు నేను పూర్తిగా సమ్మతిస్తాను. అనుమానం బలపడితే 1098కు ఫోన్ చేయడం డాక్టరు ధర్మం, పొరుగువారి ధర్మం.

చివరికి, ఎవరూ రాని ఆ ఫొటో సంగతి. ఎదుగుదల పలక గుండా పోయిన విరుపులను టొరంటోకు చెందిన రాబర్ట్ సాల్టర్, రాబర్ట్ హ్యారిస్ 1963లో అయిదు రకాలుగా విడదీశారు. ముంజేతి పెద్ద ఎముక పొడవులో ముప్పాతిక దాకా మణికట్టు దగ్గరి పలకే పెంచుతుంది. తొడ ఎముకలో 70 శాతం మోకాలి దగ్గరి పలకది. ఇవి బతికి ఉంటే వంకరలు సర్దుకుంటాయి. చిన్నవయసులో మణికట్టు దగ్గరి 20 డిగ్రీల వంపు కూడా ఏడాది రెండేళ్ళలో నిటారవుతుంది. కాబట్టి ఫొటోలో వంకర చూసి ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగి ఆపరేషన్ చేయించాల్సిన పని ఎక్కువమందికి ఉండదు. మెలిక తిరిగి అతికితే మాత్రం సర్దుకోదు. పలకే దెబ్బతింటే ఆ వంకర పెరుగుతూ పోతుంది. మణికట్టు దగ్గర ఇది నూటికి నలుగురైదుగురిలోనే జరుగుతుంది. మోకాలి పైన జరిగే దెబ్బలో ప్రమాదం అంతకు చాలా రెట్లు.

అది ముందుగా కనబడేది ఆరు నెలల ఫొటోలో. దెబ్బ తగిలిన రోజుల్లో ఎదుగుదల కాసేపు మందగించి, ఎముకలో సన్నటి తెల్ల గీత ఒకటి మిగులుతుంది. ఎదుగుదల మళ్ళీ మొదలయ్యాక ఆ గీత పలకకు దూరంగా జరుగుతూ పోతుంది. గీతా పలకా సమానదూరంలో సాగుతుంటే బిడ్డకు ఢోకా లేదు. గీత ఒకవైపు వాలి పలకను ఒక బిందువు దగ్గర తాకుతుంటే అక్కడ ఎముక వంతెన కట్టేసింది. అప్పుడు ఎం.ఆర్.ఐ. నిజంగా పనికొస్తుంది. వంతెన పలకలో సగం కంటే తక్కువగా ఉండి, ఇంకా రెండేళ్ళ ఎదుగుదల మిగిలి ఉంటే, దాన్ని తొలిచి ఆ ఖాళీలో కొవ్వు నింపి పలకను బతికించే అవకాశం ఉంది. పదహారేళ్ళకు చెయ్యి పొట్టిదయ్యాక వస్తే మిగిలేది ఎముకలు కోసి సరిచేయడమే.

కట్టు విప్పిన రోజున డాక్టరు చీటీ మీద "గ్రోత్ ప్లేట్, ఆర్నెల్లకు రావాలి" అని రాస్తే ఆ తేదీని ఇంటి క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. రాయకపోతే మీరే అడగండి, "పలకకు దెబ్బ తగిలిందా?" అని. పిల్లవాడు పరుగెత్తుతున్నా, నొప్పి లేదన్నా, పరీక్షలున్నాయన్నా, మొదటి రోజు నుంచి తీసిన ఫిల్ములన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళండి.